తాబేలు వీపు మీద స్టిక్కరా? ఉప్పల్ నుంచి నాచారం దాకా ఒక రౌండ్

ఉప్పల్‌లో మెట్రో దిగి స్కైవాక్ మీద నిలబడితే కింద నాలుగు దిక్కులా ట్రాఫిక్కే. వరంగల్ వైపు బస్సులు, నాగోల్ వైపు ఆటోలు. సన్‌రైజర్స్ మ్యాచ్ ఉన్న రోజైతే చెప్పక్కర్లేదు, రోడ్డంతా నారింజ రంగే. ఇక్కడి నుంచి హబ్సిగూడ, అక్కడ మలుపు తిరిగి నాచారం. ఈ కాస్త దూరంలో తాబేళ్ల గురించి ఏం తెలుస్తుంది అంటారా? చాలానే తెలుస్తుంది.

దారిలో ఒక అక్వేరియం షాపులోకి వెళ్లాను. గాజు తొట్టెలో ఆకుపచ్చ తాబేలు పిల్లలు, కళ్ల వెనక ఎర్ర గీత. రెడ్ ఇయర్డ్ స్లైడర్. మన జాతి కాదు, అమెరికాది. ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది, పెరిగితే భోజనం ప్లేటంత అవుతుంది. అది ఎవరూ చెప్పరు! వాటిలో ఒకదాని వీపు మీద మెరిసే రాళ్లు అంటించి ఉన్నాయి. ఇదేంటని అడిగితే, "రీల్ కోసం కస్టమర్ అడిగిండన్నా. డిప్పే గదా, దానికేం తెలుస్తది?" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు.

తెలుస్తుంది. తాబేలు డిప్ప అంటే నత్త గుల్ల లాంటిది కాదు. అది దాని వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి తయారైన బతికున్న ఎముక. దానికి రక్తం అందుతుంది, నరాలుంటాయి. పైన కనిపించే పలకలు మాత్రం మన గోళ్ల లాంటి పదార్థం. గోటి మీద తడితే మీకు తెలియదా? అంతే. డిప్పకి రంధ్రం చేసి గొలుసు వేయడమంటే ఎముకలో రంధ్రం చేసినట్టే.

జిగురుతో అంటిస్తే? నొప్పి వెంటనే లేకపోవచ్చు, తంటా తర్వాత మొదలవుతుంది. పలకల అంచుల దగ్గర డిప్ప పెరుగుతుంది. అక్కడ గట్టి జిగురు పడితే పెరుగుదల వంకర పోతుంది. స్లైడర్లు పెరిగేకొద్దీ పాత పొరల్ని పలచగా వదిలేస్తాయి, ఎండకెక్కి వీపు ఆరబెట్టుకుంటాయి. రాయి కింద తడి నిలిచిపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. రంగులు, జిగుర్లలోని రసాయనాల సంగతి సరేసరి.

షాపు నుంచి ముందుకెళ్తే ఉప్పల్ రోడ్డులో అసలు విశేషం కనిపిస్తుంది. ఇది కొలతల రోడ్డు. భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ ఇక్కడే, మ్యాపులు గీసే సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసు ఇక్కడే, కణాల్ని చదివే సీసీఎంబీ కూడా ఇక్కడే. చిన్న మాంసం ముక్కలోని డీఎన్‌ఏతో అది ఏ జంతువుదో చెప్పే పద్ధతిని రూపొందించింది సీసీఎంబీ వాళ్లే. వేటగాళ్ల మీద కేసుల్లో అది పనికొస్తుంది.

మరి సైంటిస్టులు కూడా తాబేళ్లకి ట్యాగులు పెడతారు కదా అని మీరు అడగొచ్చు. పెడతారు. సముద్ర తాబేళ్ల డిప్ప మీద శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు అంటిస్తారు కూడా. కానీ బరువు లెక్కేస్తారు. జంతువు బరువులో 5 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. జిగురు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఎంత, ఈదేటప్పుడు నీటి ఒత్తిడి ఎంత పెరుగుతుంది అని కూడా చూస్తారు. ఇప్పుడు షాపు లెక్క చూడండి. 10 గ్రాముల పిల్లకి 5 శాతం అంటే అర గ్రాము. రెండు రాళ్లకే అయిపోతుంది.

ఆ శ్రమకి ఫలితం కూడా ఉంటుంది. 2021లో ఒడిశా తీరంలో 03233 నంబరు ట్యాగు వేసిన ఆలివ్ రిడ్లే తాబేలు, 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేలు పడమర తీరానికీ వెళ్లి గుడ్లు పెడుతుందని అలా తెలిసింది. ఆ ట్యాగు కూడా డిప్పకి కాదు, ఈత రెక్కకి వేసిన చిన్న లోహపు బిళ్ల.

కళ కోసం అంటించిన వాళ్లూ ఉన్నారు. 2014లో అమెరికాలోని ఆస్పెన్ ఆర్ట్ మ్యూజియంలో చైనా కళాకారుడు కాయ్ గువో-చాంగ్ మూడు ఆఫ్రికా తాబేళ్ల వీపున రెండేసి ఐప్యాడ్‌లు పెట్టి తిప్పారు. జనం గోల చేశారు, చివరికి వాటిని తీసేశారు. నన్నడిగితే ఆ గోల న్యాయమే. ట్యాగు వల్ల తాబేళ్ల జాతికి ఏదో మేలు ఉంది. ఐప్యాడ్ వల్ల తాబేలుకి ఏం ఒరిగింది?

హబ్సిగూడ చౌరస్తా దాటి నాచారం వైపు వస్తే ఫ్యాక్టరీ షెడ్లు, ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో, హెచ్ఎంటీ నగర్ పక్కన పెద్ద చెరువు. తెలంగాణ చెరువుల్లో మామూలుగా బతికే ఫ్లాప్‌షెల్ తాబేలుకి గట్టి పలకలే ఉండవు, డిప్ప మీద మెత్తటి చర్మం. దానికి జిగురు పూస్తే నేరుగా చర్మానికి పూసినట్టే. అసలు దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. నక్షత్ర తాబేలుదీ అంతే. రెండూ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, 3 నుంచి 7 ఏళ్ల జైలు పడొచ్చు. వీపు మీద ఆ నక్షత్రాలు గడ్డిలో దాక్కోవడానికి దానికున్న ముసుగు. దాని మీద రంగేస్తే ముసుగు పోయినట్టే.

మీ ఇంట్లో స్లైడర్ ఉండి, దాని మీద ఇప్పటికే ఏదైనా అంటించి ఉంటే గోరుతో పీకకండి, థిన్నర్ అసలే వద్దు. పైపొర ఊడి కింద ఎముక బయటపడొచ్చు. సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పెంచడం విసుగొచ్చిందని తెచ్చి నాచారం చెరువులో మాత్రం వదలకండి. స్లైడర్ అక్కడి తాబేళ్ల తిండికీ, చోటుకీ పోటీ వస్తుంది.