అక్క ఓర్పు, నా భుజం నొప్పి

మా పెద్ద తోడికోడలికీ నాకూ రెండేళ్ల తేడాతో గాల్ బ్లాడర్ తీసేశారు. ఇద్దరికీ రాళ్లే, ఇద్దరికీ పొట్ట మీద నాలుగు చిన్న గాట్లే. అక్క ఆ సాయంత్రమే లేచి కూర్చుని టీ తాగింది. నేను తెల్లవార్లూ మూలిగాను. "పెద్దకోడలి ఓర్పు వేరులే" అన్నారు అత్తయ్య, చూడ్డానికొచ్చిన వాళ్లందరి ముందూ.

పైగా నాకు పొట్టకన్నా కుడి భుజం ఎక్కువ నొప్పి. "కోసింది పొట్ట, నొప్పేమో భుజమా?" అని ఆడపడుచు నవ్వింది. నిజంగానే నాటకమాడుతున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మత్తు డాక్టరమ్మ కనబడితే సిగ్గు విడిచి అడిగేశాను. అక్కని మత్తుకి ముందు కూర్చోబెట్టి, స్కానింగులో చూస్తూ వీపులో ఏదో ఇంజెక్షను చేశారని కూడా చెప్పాను. అది 'ఎరెక్టార్ స్పైనే బ్లాక్' అయ్యుంటుందట. (బ్లాక్ అనగానే నా బి.ఏ. తెలుగు బుర్రకి అష్టదిగ్బంధనం గుర్తొచ్చింది.) 2016లోనే వెలుగులోకి వచ్చిన పద్ధతి. వెన్ను పక్క కండరం కింద మందు వేస్తే, అక్కణ్నుంచి పొట్టకొచ్చే నరాలు కొన్ని గంటలు మొద్దుబారతాయి. 'ట్యాప్ బ్లాక్' అని ఇంకోటుంది. అది పొట్ట గోడ కండరాల పొరల మధ్య వేస్తారు. గాట్ల నొప్పి తగ్గుతుంది గానీ లోపలి నొప్పికి అందదు. రెండిటినీ పోల్చి చూస్తే వీపు బ్లాక్‌కే కాస్త మొగ్గట, తేడా మాత్రం కొండంతేం కాదట. నాకు గాట్ల దగ్గరే మందు వేశారు. దానికి తోడు నొప్పి మాత్రలుంటే చాలామందికి సరిపోతుందట. నేను ఆ చాలామందిలో లేను, అంతే!

మరి భుజం? పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాసు డయాఫ్రమ్‌ని రేపుతుంది. దాని నరమూ, భుజం నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి. అందుకని నొప్పి భుజంలో తెలుస్తుంది. ఈ బ్లాకులు దానికి పెద్దగా పనిచేయవు. అక్కకి రాకపోవడం అదృష్టం.

సర్జన్‌ని వంద ప్రశ్నలు అడుగుతాం, మత్తు డాక్టర్ని ఒక్కటీ అడగం. మీకెవరికైనా ఆపరేషనుంటే "నొప్పికి ఏమిస్తారు, బ్లాక్ ఇస్తారా?" అని ముందే అడగండి.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే అత్తయ్య ఏం మాట్లాడలేదు. రాత్రి వేణ్ణీళ్ల బ్యాగు తెచ్చి నా భుజం మీద పెట్టారు. "నాకు గర్భసంచి తీసినప్పుడు ఇవేవీ లేవే. మూడు రోజులు పంటి బిగువున పడున్నా. మా ఆవిడకి ఓర్పెక్కువని మీ మామయ్య అందరికీ చెప్పుకునేవారు" అన్నారు.