కదా ఒకటే, ఇంగ్లీషులో ఎన్నో

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ బందరు రేవుకు చేరింది. అప్పటి ఇంగ్లీషు వర్తకుల భాష. బందరు పిల్లల చదువుగా దాన్ని మార్చినవాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ నోబుల్. 1843లో ఆయన తెరిచిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది.

ఇప్పుడు గుడివాడలోనో అవనిగడ్డలోనో డిగ్రీ చదివే కుర్రాడికి ఇంగ్లీషు మాటలకు లోటేం లేదు. చిక్కంతా కూర్పులోనే.

‘రేపు వస్తున్నావు కదా’, ‘వాడు వెళ్లాడు కదా’: తెలుగులో అన్నిటికీ ఒక్క ‘కదా’ సరిపోతుంది. ఇంగ్లీషులో కర్తను, క్రియను బట్టి అది ‘ఆరంట్ యూ’ అవుతుంది, ‘డిడంట్ హీ’ అవుతుంది. మనవాళ్లు అన్నిటికీ ‘ఈజంటిట్’ తగిలించేది అందుకే. ‘గురించి’ అలవాటుతోనే ‘డిస్కస్’ పక్కన అక్కర్లేని ‘అబౌట్’ చేరుతుంది. ఇది తెలివితక్కువతనం కాదు, తల్లిభాష వ్యాకరణం గట్టిగా ఉందనడానికి గుర్తు.

జాతీయాల సంగతి వేరు. దివిసీమలో కుండపోత కురిస్తే గైడు పుస్తకం పిల్లవాడి చేత ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ అనిపిస్తుంది. నేటి ఇంగ్లీషువాళ్లు రోజువారీ మాటల్లో ఎక్కువగా అనేది ‘ఇట్స్ పోరింగ్’.

కూర్పు చిక్కును బడిలోనే విప్పవచ్చు. కొన్నేళ్లుగా రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు అచ్చవుతున్నాయి. ఆ రెండు పుటల వాక్యాలనూ టీచర్లు పక్కపక్కన బోర్డు మీద రాసి, క్రియ ఎక్కడుందో, ‘ద’ ఎందుకొచ్చిందో పిల్లల చేతే చెప్పించాలి. తప్పుకు నవ్వే తరగతిలో ఏ పిల్లా నోరు విప్పదు.