రాలిన ఈక, గుంజిన ఈక

నెమలి తోక అని మనం మురిసిపోయేది నిజానికి తోక కాదు. తోక మీద కప్పుకుని ఉండే పొడవాటి ఈకలు అవి. అసలు తోక వాటి కింద దాక్కుంటుంది: 20 పొట్టి ఈకలు, మట్టిరంగువి. పురి విప్పినప్పుడు ఆ బరువంతా వెనక నుంచి మోసేది అవే. ముందు నుంచి తీసిన ఫొటోల్లో మాత్రం కనబడవు.

ఈ తేడా నాకు చూపించింది మొగుళ్లపల్లిలో మా పెద్దబాపు. పీర్ల పండుగకు సాంబ్రాణి పొగలో ఊగే నెమలీకల కట్ట మా ఊళ్లో ఆయనే కడతాడు. వానలు తగ్గుముఖం పట్టేసరికి మగనెమళ్లు ఈకలు రాలుస్తాయి. పత్తిచేన్ల గట్ల వెంట అవి ఏరుకొస్తాడు. అన్నిటికీ నల్లరేగడి మట్టి అంటుకుని ఉంటుంది.

కడగడం చూస్తే చాలా తేలికనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, ఒక షాంపూ ప్యాకెట్, అంతే. కానీ రుద్దకూడదు. కాడ మొదలు నుంచి కన్ను దాకా వేళ్లతో ఒకే దిక్కుకు దువ్వాలి. తడిసిన ఈకను చూస్తే పాడు చేశామనే అనుకుంటాం. రంగు మసకబారి, తోక తడిసిన ఎలుకలా వేలాడుతుంది. ఆ నీలం రంగు పూసింది కాదు మరి. ఈకలోని సన్నటి నిర్మాణం మీద వెలుతురు విరిగితే పుట్టేది. నీడపట్టున ఆరి, పోగులు విచ్చుకుంటే మళ్లీ వస్తుంది. ఆ తర్వాత పురుగు పట్టకుండా కర్పూరం వేసి చుట్టి, దూలానికి కట్టాలి.

చచ్చిన పక్షి తోకను గోడకు బిగించే టాక్సిడెర్మీ పనిలో కష్టం వేరే చోట ఉంటుంది. తోక మొదట్లో మాంసం ఉంటుంది, నూనె గ్రంథి ఉంటుంది. కొవ్వు పిసరంత మిగిలినా కంపు కొడుతుంది, పురుగు పడుతుంది. అంతా గీకేసి, బోరాక్స్ పట్టించి, విసనకర్రలా పరిచి సూదులు గుచ్చి ఆరబెడతారు. వరస మాత్రం పక్షే పెట్టి ఇస్తుంది. రాలిన ఈకలకు ఆ వరస ఉండదు. పెద్దబాపు పొడుగు చూసి, వంపు చూసి ఒక్కొక్కటే పేర్చుకోవాలి. ఆ కట్టలో ఎన్ని నెమళ్లున్నాయో ఆయనకూ తెలియదు.

ఒకసారి మా వాడకట్టాయన ఒక మోపు తెచ్చాడు. మట్టి లేదు, చిరుగు లేదు, అన్నీ ఒకే నిగనిగ. నేను మురిసిపోయాను. పెద్దబాపు కన్నుల వైపు చూడనే లేదు, కాడలు తిప్పి చూసిండు. తనంతట రాలిన కాడ చివర శుభ్రంగా, ఎండిన గొట్టంలా ఉంటుంది. వీటికి ఎండిన నెత్తురు ఉంది.

"ఇవి రాలినవి కావు తమ్మీ, గుంజినవి."

ఆయన దాచలేదు. "మక్కలు మొత్తం బుక్కినయ్ అన్నా. మందు పెట్టిన. నా చేను ఎవరు చూడాలె?"

1963 నుంచి నెమలి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే జైలే. ఈకలకు మాత్రం ఆ చట్టంలోనే వెసులుబాటు ఉంది, దేశం లోపల అమ్ముకోవచ్చు. విదేశాలకు పంపడమే నిషేధం. అంటే రాలిన ఈకకూ గుంజిన ఈకకూ మధ్య ఉన్న గీత, కాడ చివర ఉన్న ఆ చుక్కంత మరకే. కత్తెరతో కొసలు కత్తిరిస్తే అదీ పోతుంది. పెద్దబాపుకు ఆ సంగతి తెలుసు. కత్తెర ఆయన పక్కనే ఉంది.

మోపు వెనక్కి ఇచ్చేసిండు. చట్టం గురించి మాట్లాడలేదు, పాపం గురించీ మాట్లాడలేదు. "పీరు ముందర ఇవి ఊపలేను" అన్నడు, అంతే.

ఆ ఏడు కట్ట పలచగా వచ్చింది. మర్నాడు పెద్దమ్మ పాత చీరలన్నీ మూటగట్టుకుని, చుట్టూ దడి కట్టడానికి ఆయన చేనుకు పోయిండు.