ఆదివారం పొగ

మా సత్యవేడులో ఆదివారం పొద్దున ఏడున్నర అయితే, టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయికి శనివారం రాత్రి తొమ్మిది. మొన్న వేసవిలో ఒక ఆదివారం సరిగ్గా ఆ వేళకి ఫోన్ చేసి, "అమ్మా, పెరట్లో పొయ్యి రాజేశాను. రేపు స్నేహితులు భోజనానికొస్తున్నారు, చూడు" అని ఫోన్‌లోనే చూపించాడు. ఇనప పీపాలాంటి పొయ్యి. పక్కన బల్ల మీద తలగడంత మాంసం ముక్క.

"ఏం మాంసంరా అది?" అనబోయి నోరు నొక్కుకున్నాను. వెనక కుర్చీలో అత్తమ్మ ఉంది. నాకు అడగనవసరం లేదు కూడా. వెళ్ళిన ఏడాదికే చెప్పాడు, తింటున్నానని. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు తిన్నాను. ఎన్నాళ్ళని మానుకుంటాం చెప్పండి! కాని మావారికిగాని, ఎనభై దాటిన అత్తమ్మకుగాని ఆ మాట చేరనివ్వలేదు.

పొయ్యి, మాంసం అనే మాటలు చెవిన పడితే అత్తమ్మ ఊరుకుంటుందా? "ఇట్ల తే మే" అని ఫోన్ లాక్కుంది.

ఆవిడ ఉప్పుకండం పేరు మా చుట్టాల్లో అరవం వాళ్ళకీ తెలుసు, తెలుగు వాళ్ళకీ తెలుసు. మేక తొడమాంసం ఎముక లేకుండా పొడుగాటి పట్టీలుగా కోయించాలి. కొవ్వు ఆనవాలు ఉండకూడదు. కొవ్వు ఎండదు, నిలవుంటే పాతనూనె కంపు కొడుతుంది. ఉప్పు, పసుపు, కారం, దంచిన అల్లం వెల్లుల్లి పట్టించి, రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు దారానికి గుచ్చి ఎండలో దండెం కట్టాలి. కొత్త కోడలిగా నాకిచ్చిన మొదటి ఉద్యోగం కాకుల కాపలా. మా వైపు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో కదా, అప్పుడు ఆ దండెం వంటింట్లో కట్టెల పొయ్యి పైకి మారేది. పొగకే ఆరేది. ఆ పొయ్యి పగలగొట్టించి గ్యాసుబండ కట్టించిన రోజు ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం, ఆవిడ తప్ప.

ఇక ప్రశ్నలు మొదలు.

"ముక్కని ఎట్ల ఏరుకున్నావురా?"

"రెండు చేతుల మీద పెట్టి చూస్తానవ్వా. కొనలు కిందికి వాలితే మంచిది, కర్రలా నిలబడితే వదిలేస్తా. సన్న కొన మరీ పలచన కాకూడదు, ఎండిపోతుంది. కండలో తెల్లగా కొవ్వు చారలు పారి ఉండాలి. పైకొవ్వు పావు అంగుళం ఉంచి మిగతాది కోసేశాను."

"కొవ్వు ఉంచినావా!"

"నిలవకి కాదవ్వా, రేపు తినేదే. లేకపోతే ఎండిపోతుంది."

"మసాలా?"

"ఉప్పు, మిరియాలు. అంతే."

"కట్టె?"

"ఓక్. బాగా ఎండింది."

"పొగ కనపడీ కనపడకుండా రావల. తెల్లగా గుప్పుమంటే మాంసం చేదెక్కుతాది." వాడక్కడ తలూపుతున్నాడు. వాడు పుస్తకాలు చూసి నేర్చుకున్నదీ అదేనట. "ఎంత తూగింది?"

"ఆరు కిలోలు."

"ఒకటే ముక్కా? యాడిది?"

"రొమ్ము భాగం అవ్వా."

నేను వెనక నుంచి చేతులూపుతున్నాను, మేక అని చెప్పరా అని. అత్తమ్మ తిరిగి చూడనైనా లేదు.

"ఆరు కిలోల రొమ్ముండే మేకను నేను యాడా చూళ్ళేదు నాయనా."

నా గొంతు ఎండిపోయింది. వాడూ పలకలేదు. ఆవిడే కాసేపాగి, "నిప్పు చూసుకో పో" అని ఫోన్ నా చేతికిచ్చింది.

మావారు బజారుకెళ్ళారు. నేను ఉల్లిపాయలు ముందేసుకుని తల వంచుకు కూర్చున్నాను. ఏడుపొచ్చినా ఉల్లిపాయల మీదికి పోతుందని. అత్తమ్మ వచ్చి పక్కన పీట మీద కూర్చుంది.

"వానకాలం మే. నాకు పదేండ్లుంటాయి" అని మొదలుపెట్టింది. అంటే మా సత్యవేడు ఇంకా మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న రోజులు. ఇది 1960లో గాని చిత్తూరు జిల్లాలో కలవలేదు. 2022 నుంచి తిరుపతి జిల్లా అనుకోండి, అది వేరే సంగతి.

బడిలో ఆవిడకో స్నేహితురాలు. ఊరి చివర పేట పిల్ల. బడి వదిలాక వానొస్తే ఇద్దరూ ఆ పిల్ల ఇంట్లోకి దూరారు. పొయ్యి పైన దండెం. అచ్చం వీళ్ళింట్లో లాగే. ఆ పిల్ల తల్లి ఒక పట్టీ తుంచి, నిప్పుల మీద కాల్చి, "నువ్వు తినకూడదు తల్లీ" అంటూ కూతురికిచ్చింది. కూతురు సగం తుంచి ఈవిడకిచ్చింది.

"తిన్నారా?" అన్నాను.

"ఆకలి. వాన. తిన్నా. ఇంటికి పోయి ఎంత పుక్కిలించినా పొగవాసన పోలే. పొయ్యికాడ కూచున్నానని మాయమ్మకు అబద్ధం చెప్పినా."

"తరవాత?"

"తరవాతేముండాది. ఆ పిల్ల మా ఇంటికొస్తే వసారాలోనే నిలబడేది. నేను రమ్మంటే మాయమ్మ రానీదు. ఒకనాడు మా ఉప్పుకండం ఒక ముక్క తెచ్చి దాని చేతిలో పెట్టబోతే మాయమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చింది. మళ్ళీ అది మా ఇంటికి రాలే."

ముప్ఫై నాలుగేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం. ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నా కొడుకు మాట మాత్రం నేను ఆవిడతో అన్నానా?

మధ్యాహ్నం ఒకటిన్నరకి మళ్ళీ ఫోన్. అక్కడ తెల్లవారుజాము మూడు. "అవ్వేదీ? రెండు గంటలుగా వేడి అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోయిందమ్మా, మంట పెంచనా?" నన్ను కాదు, అవ్వని అడుగుతున్నాడు.

"తడి బయటికి పోతావుండాది రా. కుండలో నీళ్ళు చల్లబడేది ఎట్ల? మంట పెంచబాక. గట్టిగా చుట్టి పెట్టు."

వాడు గుర్రుమని నవ్వాడు. అసలు కారణం అదేనట. మాంసంలో చెమ్మ ఆవిరవుతూ, పొయ్యి ఇచ్చిన వేడినంతా లాక్కుపోతుందట. మందపాటి కాగితంలో చుట్టి మళ్ళీ లోపల పెట్టాడు. తొంభై అయిదు డిగ్రీలకు చేరేదాకా అలాగే ఉంచాలి. మేకకాళ్ళ పులుసు వేళ్ళకు అంటుకుంటుంది చూడండి, ఆ జిగురే ఇందులోనూ నరాల్లోంచి కరిగి రావాలి. అందుకే అంతసేపు. నిద్ర ఆపుకోవడానికి వాడు ఇంకో కబురు చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి, చెక్ దేశం నుంచి టెక్సాస్ వచ్చిన కసాయివాళ్ళు కొట్లో అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగబెట్టేవాళ్ళట.

"వాళ్ళూ మిగిలిందే పొగబెట్టినారా" అంది అత్తమ్మ.

రాత్రి తొమ్మిదిన్నరకి పొయ్యి దించాడు. వాడికి ఆదివారం పొద్దున పదకొండు. రెండు గంటలు కదపకుండా పెట్టి కోస్తాడట. మేం అప్పటిదాకా మేలుకుని ఉన్నాం! పైన బొగ్గులా నల్లగా ఉంది. కోస్తే లోపల అంచున ఎర్రటి చార, అద్దంలా మెరుస్తున్న కొవ్వు.

"పోగుకు అడ్డంగా కొయ్యి" అని హెచ్చరించింది అత్తమ్మ. తరవాత, "మొదటి ముక్క ఎవరికిరా?" అంది.

"పక్కింటాయనకవ్వా. కట్టెలు ఆయనే ఇచ్చాడు."

"లోపలికి పిల్చి కూచోబెట్టి పెట్టు."

ఇంతలో మావారు నిద్రలేచి వచ్చి, "ఈ వేళప్పుడు ఇద్దరూ ఏమిటి గుసగుసలు?" అన్నారు. నేను ఫోన్ చీరకొంగు కింద దాచాను.

"ఉప్పుకండం గురించిరా" అంది అత్తమ్మ.