హోటలు ముందు బోర్డు రాసేవాళ్లం

హోటళ్లకీ కేటరింగ్ వాళ్లకీ మెనూ కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాట్సాప్‌లో పెట్టుకునే ప్రకటనలు రాసిపెట్టడం నా పని. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు మధ్యే తిరుగుతుంటాను. పులుసు రుచి గురించి నాలుగు మాటలు రాయడం ఎవరికైనా వస్తుంది. జనం భయపడ్డ రోజున ఏం రాయాలన్నదే అసలు పని.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో కోళ్లు చచ్చిపోయింది బర్డ్‌ఫ్లూతోనేనని భోపాల్ ల్యాబ్ తేల్చింది. కొద్దిరోజులకే తాడేపల్లిగూడేనికి ఆనుకున్నట్టుండే బాదంపూడిలోనూ బయటపడింది. ఫారం చుట్టూ కిలోమీటరు వరకు అమ్మకాలు కట్టడి చేసి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. ఆ హద్దులకి ఎంతో దూరాన ఉన్న హోటళ్లలో కూడా చికెన్ బిర్యానీ అడిగే నాథుడు లేడు.

అప్పుడు ఒక హోటలాయన ఫోన్ చేశారు. "ఏవండీ, మా కోళ్లు తెలంగాణ నుంచి తెప్పిస్తున్నామని పెద్ద ఫ్లెక్సీ రాసెయ్యండి."

"నిజంగా అక్కణ్ణుంచేనాండీ?"

"అంటే... అలా రాస్తే జనం వస్తారు కదండీ."

ఆ ఫ్లెక్సీ నేను రాయలేదు. దాని బదులు గుమ్మం పక్క బోర్డు మీద ఇలా రాయించాను: కోళ్లు ఏ ఊరి నుంచి కొన్నామో ఈ కింద ఉంది. కొన్న బిల్లు కౌంటర్లో చూడొచ్చు. ముక్క లోపలిదాకా ఉడికించే వడ్డిస్తాం. కింద ఊరి పేరు రోజూ సుద్దముక్కతో మార్చాలి. ముక్క మధ్యలోకి 70 డిగ్రీల వేడి చేరితే ఆ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి ఉడికించే మాట ధైర్యంగా రాయొచ్చు. "మా చికెన్‌తో ఏ భయమూ లేదు" అని మాత్రం రాయకూడదు. అది మనం ఇవ్వగలిగిన హామీ కాదు.

ఏలూరు ఇంతకన్నా పెద్ద భయమే చూసింది. 2020 డిసెంబరు తొలివారంలో వన్‌టౌన్‌లో మొదలై, వందలమంది మూర్ఛలతో, కళ్లు తిరిగి ఆస్పత్రిలో చేరారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పేలోపే నీళ్లన్నారు, కూరగాయలన్నారు, చేపలన్నారు. తెలిసిన మాట ఏదో, ఊహ ఏదో విడదీసి చెప్పేవాడు లేక ఇడ్లీబండి వాళ్లు కూడా బేరం పోగొట్టుకున్నారు.

భయం లేని రోజుల్లోనూ మాట సరిగ్గా ఉండాలి. మెనూల్లో "కొల్లేరు కొరమీను" అని ఇష్టం వచ్చినట్టు రాస్తున్నారు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు 2006లో తెగ్గొట్టారు. మనం తినే చేప ఎక్కువగా చుట్టుపక్కల చెరువుల్లో పెంచినదే. పెంచినదైతే పెంచినదనే రాద్దాం, తప్పేముంది? కైకలూరు వైపు చెరువుల శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో కోల్‌కతా దాకా వెళ్తున్నాయి. వాటిని పెంచిన రైతు పేరు చెప్పుకోవడం గౌరవమే.

ఇలా మాట సరిచూసుకోవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అమెరికాలో ఇంటర్నేషనల్ ఫుడ్‌సర్వీస్ ఎడిటోరియల్ కౌన్సిల్ అని ఒక సంఘం ఉంది. హోటలు రంగం పత్రికల సంపాదకులు, ఆహార కంపెనీల ప్రచారం చూసేవాళ్లు అందులో ఒకచోట కూర్చుంటారు. ఒకరికి కావలసిన సమాచారం రెండోవారి దగ్గర దొరుకుతుంది. మన దగ్గర హోటలు యజమానులకి సంఘాలున్నాయి, విలేకరులకి యూనియన్లున్నాయి. మధ్యలో తిండి గురించి రాసే మాలాంటి వాళ్లకి ఏమీ లేదు. అందుకే బర్డ్‌ఫ్లూ వచ్చిన రోజు ఒక్కో హోటలు ముందు ఒక్కో మాట కనిపించింది.

మనమూ ఒక సంఘం పెట్టుకుందాం. మెనూలు రాసేవాళ్లు, ఫ్లెక్సీ షాపుల్లో డిజైన్ చేసేవాళ్లు, హోటళ్ల వీడియోలు తీసే కుర్రాళ్లు, జిల్లా పేజీ విలేకరులు అందరూ రండి. పశుసంవర్ధక శాఖ నుంచి ఒకరిని, ఆహార భద్రతా అధికారిని పిలుద్దాం. మళ్లీ ఇలాంటి కబురు వచ్చిన సాయంత్రానికల్లా ఏలూరు నుంచి గూడెం దాకా ప్రతి హోటలు ముందూ ఒకటే నిజమైన మాట ఉండేలా మొదటి సమావేశంలోనే ఏర్పాటు చేసుకుందాం.