పేపర్లో వచ్చిన బలరాం

తులసీదాస్ బలరాం ఫుట్‌బాల్ ఆడుతుంటే నేనెప్పుడూ చూళ్లేదు. నాకు తెలిసిన బలరామల్లా హిందూపురంలో బెల్లం మండీల పక్కనున్న టీ అంగడికి రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చి, పదిమంది చేతులు మారి, చింతపండు మరకలతో మా పిల్లకాయల దాకా చేరిన పేపర్లోని నాలుగు వరుసలే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఇంకొకటి. రెండు మ్యాచ్‌లూ మనం ఓడినవే, అయినా ఆ గోల్స్ ఎట్లా పడ్డాయో పేపరు రాయకపోవడంతో ఎవరి బలరామును వాళ్లు కల్పించుకున్నాం. నావాడు ఎడమకాలితో కొట్టేవాడు, ధర్మవరంలోని మా మేనమామ కొడుకువాడు తలతో.

బంతి అంటే ఇప్పటికీ ముందు వాసనే తగులుతుంది. తోలు ముక్కలు కుట్టిన తొడుగులో రబ్బరు బ్లాడరు పెట్టి, సైకిల్ షాపులో గాలి కొట్టించి, మూతి బిగించి లోపలికి తోసి, పైన లేసు లాగి కట్టాలి. ఎండకు బిరుసెక్కకుండా అమ్మ చూడకుండా తెచ్చిన శనక్కాయ నూనె పుయ్యాలి. వానకు తడిస్తే రాయంత బరువు, లేసు నుదుటికి తగిలితే చర్మం లేచిపోయేది. ఇప్పటి బంతే మేలు, అందులో వాదన లేదు. పెనుకొండలో కోట కింద చదును నేల మీద చెప్పులే గోలుపోస్టులు. ధర్మవరం సందుల్లో అయితే రంగద్ది ఆరేసిన పట్టు మీద ఎక్కడ పడుతుందోనని మగ్గం గుంటలోంచే మామ అరిచేవాడు.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ పిల్లవాడు బలరాం కోచ్ రహీం సాబ్ కంట పడి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా పోయి, మరుసటి ఏడు కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో చేరి, చునీ గోస్వామి, పీకే బెనర్జీల సరసన నిలిచి, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత పేరు రావడం మానేసింది. ఊపిరితిత్తుల పొర వాచే ప్లూరసీ అతని ఆటను ఇరవై ఏడేళ్లకే ఆపేసిందని ఎన్నో ఏళ్లకు గానీ మాకు తెలియలేదు. ఈలోగా మేం చందు బోర్డే పేరు పట్టుకుని క్రికెట్‌లోకి జారుకున్నాం, బ్లాడరు ఎండి పగిలింది, ఎవరూ కొత్తది కొనలేదు. చునీకి, పీకేకి పద్మశ్రీ వచ్చింది, ఇతనికి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు.

అనంతపురంలో ఆర్డీటీ సంస్థ మైదానంలో ఇప్పుడు ఆడపిల్లలు బూట్లు తొడుక్కుని ఆడుతున్నారు. మా కాలంలో బంతి గోడ దాటి పడితే అక్క చేత్తో విసిరిచ్చేది. ఒక్కసారి కాలితో తన్నింది, నేరుగా సందు చివరిదాకా పోయింది, పిన్ని వచ్చి లోపలికి పిలుచుకుపోయింది.