ఎంబామింగ్ : శాస్త్రం – మమకారం

పుట్టిన ప్రతి ప్రాణికీ మరణం అనివార్యం. కాని మరణించిన మనిషి దేహాన్ని ఎంతకాలం ఉంచాలన్న విషయంలో లోకమంతటా ఒకే ఆచారం లేదు. ప్రాచీన ఈజిప్టు దేశీయులు నాట్రాన్ అనే లవణంతో శవాలను ఎండబెట్టి వేల సంవత్సరాలు నిలిపారు. మన దేశంలో దహనమైనా, ఖననమైనా సాధ్యమైనంత త్వరగా జరపడమే సంప్రదాయం. కనుక ‘ఎంబామింగ్’ అనే మాట మనకు పరాయిదిగా తోచడం సహజం. అయినప్పటికీ కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల్లో అక్షరం ముక్క రాని తల్లులు సైతం నేడు ఆ మాట ఎరుగుదురు. అందుకు కారణం గల్ఫు వలసలు.

ఈ విద్య ఆధునిక రూపంలో వ్యాపించింది అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65). సుదూర యుద్ధభూములలో నేలకొరిగిన కుమారులను స్వగ్రామాలకు రప్పించుకోవాలని కుటుంబాలు ఆరాటపడ్డాయి. 1865 ఏప్రిల్ 15న మరణించిన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ భౌతికకాయాన్ని ఎంబామింగ్ చేసి, వాషింగ్టన్ నుండి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు రైలులో తరలించి, మే 4న ఖననం చేశారు. దారిపొడవునా లక్షలాది ప్రజలు ఆయనకు నివాళులర్పించారు. దూరమూ, ఎడబాటూ ఈ విద్యకు ఆనాడే ఊపిరి పోశాయనుట అతిశయోక్తి కాదు.

ఇక దీని విధానం. మరణానంతరం దేహంలోని ఎంజైములు కణజాలాన్ని కరిగించనారంభిస్తాయి; ప్రేవులలోని బాక్టీరియా విజృంభిస్తుంది. దీనిని నిలువరించడానికి మెడ వద్దనో తొడ వద్దనో చిన్న గాటు పెట్టి, ధమనిలోనికి గొట్టం అమర్చి, ఫార్మాల్డిహైడ్ కలిసిన ద్రావణాన్ని యంత్రంతో పంపుతారు. గుండె చేసిన పనిని కొంతసేపు ఆ యంత్రం చేస్తుందన్నమాట. ద్రావణం లోనికి పోయినకొద్దీ సిర ద్వారా రక్తం వెలికి వస్తుంది. ఫార్మాల్డిహైడ్ మాంసకృత్తుల అణువులను ఒకదానితో ఒకటి బంధించి గట్టిపరుస్తుంది. అట్టి మాంసకృత్తులు బాక్టీరియాకు సులభంగా ఆహారం కాజాలవు. అవసరమైనచో వక్షస్థలంలో, ఉదరంలో నిలిచిన ద్రవాలను తొలగించి అక్కడ కూడా మందు నింపుతారు. మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో సీసాలలోని కప్పలను నిలిపి ఉంచే ఫార్మలిన్ ఈ ఫార్మాల్డిహైడ్ ద్రావణమే. అయితే ఎంబామింగ్ క్షయాన్ని ఆలస్యం చేయగలదే గాని శాశ్వతంగా ఆపజాలదు. పైగా ఆ పని చేసేవారికి ప్రమాదం లేకపోలేదు. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మానవులలో క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది.

మా వాడలో రెండు కుటుంబాలకు ఈ సమస్య ఎదురైంది. మా ఎదురింటివారి పెద్దకొడుకు దుబాయిలో గుండెపోటుతో మరణించాడు. పోలీసు పత్రం, మరణ ధ్రువపత్రం, భారత దౌత్య కార్యాలయం అనుమతి, ఎంబామింగ్ ధ్రువపత్రం – ఇవన్నీ సమకూడి, పెట్టె శంషాబాద్ విమానాశ్రయంలో దిగేసరికి పద్దెనిమిది రోజులు గడిచాయి. పదకొండేళ్ల కొడుకు తండ్రి చితికి నిప్పంటించాడు. “ముఖం చూడకపోతే నా బిడ్డ ఇంకా అక్కడే పని చేస్తున్నాడనుకునేదాన్ని” అన్నదా తల్లి. ఆ ఒక్క మాటలో ఎంబామింగ్ కోరుకునే కుటుంబాల హృదయమంతా ఉన్నది.

మరుసటి ఏడు మా మామూజాన్ దమ్మాంలో కన్నుమూశారు. తేవాలా, అక్కడే ఖననం చేయాలా అని ఇంట్లో వాదోపవాదాలు జరిగాయి. చట్టం తప్పనిసరి చేసినచోట ఎంబామింగ్ దోషం కాదనీ, అయినా త్వరగా ఖననం చేయడమే మేలనీ ఇమాం సాహెబ్ చెప్పారు. నానీమా నన్ను పిలిచి, “బేటా, నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావు కదా, వాడిని తేవాలంటే వాడి ఒంటికి ఏం చేస్తారో దాచకుండా చెప్పు” అన్నది. చెప్పక తప్పలేదు. గాటు గురించి, మందు గురించి, పట్టే రోజుల గురించి చెప్పాను. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరకుండిపోయింది. చివరకు, “ఆ మట్టీ అల్లాదే. గుస్ల్ చేయించి అక్కడే పడుకోనివ్వండి” అన్నది. తోటి కార్మికులు జనాజా నమాజు చేశారు. కొడుకు సమాధి వద్ద నిలిచి ఒక్కసారి ఫాతిహా చదువుకునే భాగ్యం మాత్రం ఆమెకు దక్కలేదు.

ఆ ఇద్దరు తల్లులలో ఎవరి నిర్ణయం సరైనది? నా మట్టుకు నేను ఇద్దరి ముందూ తల వంచుతాను. ఒకరు నిరీక్షణను భరించి కడసారి చూపు పొందారు. మరొకరు ఆ చూపును త్యజించి కొడుకును త్వరగా నేలతల్లికి అప్పగించారు. దేహాన్ని ఎట్లా నిలపవచ్చునో శాస్త్రం చెప్పగలదు. నిలపాలా వద్దా అనేది ప్రేమ, విశ్వాసం కలిసి తేల్చుకోవలసిన విషయం.

విద్యార్థి మిత్రులారా! మనలో అనేకుల తండ్రులు, అన్నలు సముద్రాల కావల శ్రమిస్తున్నారు. వారందరూ క్షేమంగా తిరిగి రావాలని కోరుకుందాం. ఏ ఇంటనైనా అట్టి దుర్దినం వస్తే, దుఃఖంలో ఉన్న పెద్దలు చదువుకున్న మనల్నే అడుగుతారు. ఆనాడు తెలిసినది తెలిసినట్టు, మృదువుగా చెప్పి, నిర్ణయం వారికి వదలడమే మన చదువుకు సార్థకత.